గడ్కరీ గారూ, ‘రానివ్వను’ అంటే సరిపోదు

శ్రీ నితిన్ గడ్కరీ గారికి,
కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి, న్యూఢిల్లీ.

నమస్కారం.

మా నాన్న లారీ డ్రైవరు. ముప్పై రెండేళ్లుగా విజయవాడ ఆటోనగర్ నుంచి లోడ్లు తోలుతున్నాడు. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కూర్చుని, డ్రైవర్ లేని కార్లకు రోడ్డు చదవడం నేర్పుతున్నాను. పని పెద్ద గొప్పదేమీ కాదు. ఎక్కడో కారు మీద బిగించిన కెమెరాలు తీసిన ఫొటోలు మా స్క్రీన్ మీదికి వస్తాయి. కారు కనపడితే దాని చుట్టూ ఒక పెట్టె గీయాలి, మనిషి కనపడితే ఇంకో పెట్టె, సిగ్నల్ స్తంభానికి మరొకటి. ఒక్కో పెట్టెకు పేరు పెట్టాలి. అలాంటివి లక్షలు చూశాక యంత్రం కొత్త ఫొటోలో కూడా ‘ఇదుగో మనిషి’ అని పోల్చుకోగలుగుతుంది. సంక్రాంతికి ఇంట్లో అందరం కలిసినప్పుడు మా బాబాయి అనే మాట ఒకటుంది: ‘‘తండ్రి చేతిలో స్టీరింగు కొడుకే పీకేస్తున్నాడ్రా.’’

అందరూ నవ్వుతారు. నాన్న కూడా నవ్వుతాడు. నేను మాత్రం ఆ మాటను అన్నం దగ్గర వదిలేయలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో రాస్తే మీరు చదవలేరని తెలుసు. మీ శాఖలో తెలుగువాళ్లు ఉండకపోరు. లేదంటే అనువాదం చేసే యంత్రం ఎలాగూ ఉంది, దానికి నేర్పిందీ మాలాంటివాళ్లే.

డ్రైవర్ లేని కార్లను మన దేశానికి రానివ్వనని మీరు 2017లో అన్నారు. 2023 డిసెంబర్‌లో నాగ్‌పూర్ ఐఐఎంలో మాట్లాడుతూ అదే మాట ఇంకా గట్టిగా అన్నారు. 70, 80 లక్షల మంది డ్రైవర్ల పొట్ట కొట్టే పని మీరు చేయరన్నారు. ఆ వీడియో మా నాన్న వాట్సాప్ గ్రూపులో కనీసం పదిసార్లు తిరిగి ఉంటుంది. డ్రైవర్ల పేరు పెట్టి ఒక కేంద్రమంత్రి మంచిగా మాట్లాడటం అరుదు కదా, ఆ గ్రూపులో మీకు దండాలు పెట్టే బొమ్మలే బొమ్మలు.

అయితే 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కూడా మీరే చెబుతూ వచ్చారు. 2017లో డ్రైవర్ లేని కార్లు వద్దన్నప్పుడూ డ్రైవర్ల కొరత మాట ఎత్తారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేత్తో ఉద్యోగాన్ని కాపాడుతున్నాం, ఇంకో చేత్తో ఆ ఉద్యోగంలోకి ఎవరూ రావడం లేదంటున్నాం. ఎందుకు రావడం లేదో మా ఇంట్లో అడిగితే చెబుతారు. నాకు పద్దెనిమిదేళ్లు రాగానే లైసెన్స్ తీయిస్తానని వచ్చిన మావయ్యను నాన్న గుమ్మంలోంచే పంపించేశాడు. ‘‘వాడు ఇంకేదైనా చేసుకుంటాడు, క్యాబిన్ ఎక్కడు’’ అన్నాడు. డ్రైవర్ పిల్లలు డ్రైవర్లు కావడం ఆగిపోయి చాలా కాలమైంది. దానికి ఏ రోబో కారణం కాదు.

ముందు యంత్రానికి ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. 2020 అక్టోబర్ నుంచి అమెరికాలో ఫీనిక్స్ శివార్లలో వేమో అనే కంపెనీ ట్యాక్సీలు డ్రైవర్ సీట్లో ఎవరూ లేకుండానే మామూలు జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్, ఆస్టిన్, అట్లాంటా. బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ ట్యాక్సీ ఎక్కించి వీడియోలు తీసి పెడుతున్నారు. వెనక సీట్లో పెద్దావిడ ‘‘అమ్మో, స్టీరింగు దానంతటదే తిరుగుతోంది’’ అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. వేమో పరిశోధకులు 5.67 కోట్ల మైళ్ల ప్రయాణాన్ని లెక్కగట్టారు. అవే ఊళ్లలో మనుషులు నడిపే బండ్లతో పోలిస్తే, నడిచి వెళ్లేవాళ్లకు గాయాలైన ప్రమాదాలు 92 శాతం తక్కువని తేల్చారు. సొంత కంపెనీ లెక్క కాబట్టి కొంత తీసి చూసుకున్నా, మిగిలేది చిన్నదేమీ కాదు. యంత్రం తాగదు, కునుకు తీయదు, ఫోన్‌లో రీల్ చూడదు, భార్యతో గొడవపడి వచ్చి ఆ కోపం యాక్సిలరేటర్ మీద చూపించదు.

మన దగ్గర 2023లో రోడ్డు మీద పోయినవాళ్లు 1.72 లక్షల మందికి పైనే. రోజుకు 470 మంది. ఈ లెక్క వల్ల అంతర్జాతీయ సమావేశాల్లో ముఖం దాచుకోవాల్సి వస్తోందని మీరే లోక్‌సభలో చెప్పారు. అలాంటి దేశంలో నిద్రపోని డ్రైవరంటే ఆశ పుట్టదా? పుడుతుంది. నాకూ పుట్టింది.

ఆ వీడియో ఒకటి నాన్నకు చూపించాను. రెండుసార్లు చూశాడు. ‘‘బాగానే తోలుతోంది. కానీ ఎదురుగా ఎవడూ రాంగ్ రూట్‌లో రావట్లేదేంట్రా?’’ అన్నాడు.

నా పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. యంత్రం తనకు చూపించినదాన్నే నేర్చుకుంటుంది. ఈ రంగంలో ఏళ్ల తరబడి అందరూ వాడుకున్న ఫొటోల సంకలనం ఒకటి 2016లో వచ్చింది, సిటీస్కేప్స్ అని. దాదాపు అన్నీ జర్మనీ ఊళ్లే. గీతలు గీసిన రోడ్లు, ఫుట్‌పాత్ మీద నడిచే మనుషులు. దాన్ని మన రోడ్డు మీదికి తెస్తే ఏమవుతుందో తెలిసే, 2018లో హైదరాబాద్ ట్రిపుల్ఐటీ వాళ్లు ఇంటెల్‌తో కలిసి మన రోడ్లకు విడిగా ఒక సంకలనం తయారు చేశారు. హైదరాబాద్, బెంగళూరు, వాటి చుట్టుపక్కల 182 సార్లు కారు నడిపి తీసిన 10,000 ఫొటోలు, 34 రకాల పేర్లు. అందులో ఆటోకు సొంత పేరుంది, జంతువులకు ఉంది. నాకు నచ్చింది మాత్రం ఇంకోటి. ట్రక్కు, బస్సు, కారు, ఆటో, మోటార్ సైకిల్ అన్నీ అయ్యాక, వీటిలో దేనికిందా రాని బండి కోసం విడిగా ఒక గూడు పెట్టారు. నిజాయితీ అంటే అది. మన రోడ్డు మీద తిరిగేవాటిలో సగం ఆ గూట్లోకే పోతాయి.

మేము కూడా కొన్నాళ్లు మన దేశపు ఫొటోల మీద పని చేశాం. మూడు వారాలకే మా రూల్ పుస్తకం మూడింతలు లావైంది. గడ్డి ఎత్తుకెళ్లే ట్రాక్టర్ రాత్రిపూట ఎలా ఉంటుందో మీకు తెలుసు: వెనక లైట్ లేదు, రిఫ్లెక్టర్ లేదు, రోడ్డు మీద ఒక గడ్డివాము తనంతట తాను నడుస్తున్నట్టు ఉంటుంది. దాన్ని వాహనం అనాలా, చెట్టూచేమా అనాలా? హైవే సర్వీస్ రోడ్డులో సగం వరకు మొక్కజొన్న ఆరబోసి, పక్కన రాళ్లు పేర్చి ఉంటే అది బండి వెళ్లగలిగే చోటా, కాదా? రైతు దృష్టిలో కాదు. చట్టం దృష్టిలో అవును. డివైడర్ మీద కూర్చుని బీడీ కాల్చుకునే పెద్దాయన రోడ్డు దాటబోతున్నాడా, ఊరికే కూర్చున్నాడా? మా క్వాలిటీ చెకింగ్‌లో ముగ్గురం మూడు జవాబులు ఇచ్చాం.

ఒక ఫొటో దగ్గర మాత్రం ఎవరం మాట్లాడలేదు. రోడ్డు మధ్యలో అడ్డంగా పడి ఉన్న మోటార్ సైకిల్. నడిపిన మనిషి లేడు. చక్రాలు అటు తిరిగి ఉన్నాయి, వెలుతురు పడక నల్లటి ముద్దలా ఉంది. దాన్ని ‘మోటార్ సైకిల్’ అని రాయాలా, ‘రోడ్డు మీద పడిన వస్తువు’ అని రాయాలా? కర్నూలు దగ్గర చిన్నటేకూరు ఘోరం జరిగిన కొద్ది రోజులకే నా ముందుకు వచ్చింది ఆ ఫొటో. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు, అంతకుముందే ప్రమాదం జరిగి రోడ్డు మీద పడి ఉన్న బైకును గుద్దింది. మంటలు లేచాయి. బస్సులోవాళ్లే 19 మంది పోయారు. యంత్రం ఉంటే ఆ బస్సు ఆగేదని చెప్పడం సులువు. నేను చెప్పను. కదలకుండా, నేలకు అంటుకుని ఉండే చిన్న వస్తువును గుర్తించడం ఈ రోజుకీ ఈ సాంకేతికతకు కష్టమైన పనుల్లో ఒకటి.

రోడ్డు భాష సంగతి వేరే. ముందు వెళ్లే లారీ కుడి ఇండికేటర్ వేసిందనుకోండి. నేను కుడికి తిరుగుతున్నానని అర్థం కావచ్చు. ఎదురుగా ఖాళీగా ఉంది, నువ్వు దాటుకో అనీ కావచ్చు. రెంటికీ అదే లైటు. ఎలా పోల్చుకుంటావని నాన్నను అడిగితే చాలాసేపు ఆలోచించి, ‘‘బండి వాలు చూస్తే తెలిసిపోద్ది’’ అన్నాడు. వాలు చుట్టూ పెట్టె ఎలా గీయను?

అమెరికాలోనూ ఇలాంటి చిక్కులు లేకపోలేదు. 2025 డిసెంబర్ 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సబ్‌స్టేషన్‌లో మంటలు లేచి నగరంలో పెద్ద భాగానికి కరెంటు పోయింది. సిగ్నళ్లు ఆరిపోయాయి. ఆ కూడళ్లలో వేమో ట్యాక్సీలు ఏం చేయాలో తోచక చాలా చోట్ల ఉన్నచోటే ఆగిపోయి, వెనక ట్రాఫిక్ జామైంది. సేవలే ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర సిగ్నల్ ఆరిపోతే ముందు హారన్లు మోగుతాయి, తర్వాత బడ్డీకొట్టు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నడిరోడ్డు మీదికి వచ్చి చెయ్యి చూపిస్తాడు. ఆయన చెయ్యి చట్టబద్ధమైన సంకేతం కాదు. కానీ అందరూ వింటారు.

కాబట్టి రేపో ఎల్లుండో బెంజ్ సర్కిల్‌లో డ్రైవర్ లేని ట్యాక్సీ తిరుగుతుందని నేను అనుకోవడం లేదు. మీరు రానివ్వకపోయినా, రానిచ్చినా, చాలా ఏళ్ల దాకా అది రాదు. అందుకే మీ హామీ వినడానికి పెద్దది, ఖర్చులేనిది. రాని చుట్టాన్ని గుమ్మంలో ఆపినట్టు.

వచ్చేది వేరే దారుల్లో వస్తోంది. ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్‌లో 2020 డిసెంబర్ 28న డ్రైవర్ లేని రైలును ప్రధానమంత్రే ప్రారంభించారు. పట్టాల మీద గేదె రాదు, అందుకని అక్కడ ముందొచ్చింది. తర్వాత వచ్చేది ఆవరణల్లోకే: పోర్టులు, గోదాములు, గనులు. ఆస్ట్రేలియాలో రియో టింటో కంపెనీ ఇనుప గనుల్లో డ్రైవర్ లేని డంపర్లను 2008లోనే పరీక్షించడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాటిని దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్ నగరంలో కూర్చుని కనిపెట్టి ఉంటారు. మన సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో డంపర్ తోలేవాళ్లు మీరు చెప్పిన 80 లక్షల్లో ఉన్నారా? మోటారు వాహనాల చట్టంలో వాహనం నిర్వచనమే మూసిన ఆవరణల్లో మాత్రం తిరిగే ప్రత్యేక బండ్లను పక్కన పెట్టింది. గని డంపర్ దాని కిందికి వస్తుందో లేదో లాయర్లు తేల్చుకుంటారు. అక్కడ మీ ‘రానివ్వను’ చెల్లుతుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

ఇంకో దారి అందరి కళ్ల ముందే ఉంది. ఇప్పుడు మన దగ్గర అమ్మే కార్లలో చాలావాటికి అడాస్ అని, డ్రైవర్‌కు సాయపడే ఏర్పాటు ఉంటోంది. ముందు బండికి దూరం పాటించడం, లేన్ తప్పకుండా చూడటం, అవసరమైతే తనే బ్రేకు వేయడం. ఇంజినీర్లు సున్నా నుంచి అయిదు దాకా వేసిన మెట్లలో ఇది రెండో మెట్టు. అంటే బండి సాయం చేస్తుంది, బాధ్యత మొత్తం మనిషిదే. అది కొన్నాయన మాత్రం స్టీరింగు వదిలేసి కాలు మీద కాలేసుకుని రీల్ తీస్తున్నాడు. షోరూమ్‌లో ‘‘సార్, బండి దానంతటదే పోతుంది’’ అని చెప్పి అమ్మినవాడిని ఎవరూ అడగడం లేదు.

నా అసలు భయం ఇక్కడే ఉంది, గడ్కరీ గారూ. డ్రైవర్ని సీట్లోంచి దించేస్తారని కాదు. యంత్రం చేసిన తప్పుకు చేతులకు బేడీలు వేయడానికి ఒక మనిషి కావాలి కాబట్టి ఆయన్ను సీట్లోనే కూర్చోబెడతారని.

ఊహించి రాస్తున్నది కాదు. మా ట్రైనింగ్‌లో మొదటి వారం ఒక రూల్ చెబుతారు: సైకిల్ ఎక్కి తొక్కుతుంటే ‘సైక్లిస్టు’, దిగి నడిపించుకుంటూ వెళ్తుంటే మనిషికి ఒక పెట్టె, సైకిల్‌కు ఒక పెట్టె. ఇంత చిన్న రూల్ దగ్గర మా లీడ్ క్లాసు ఆపి టెంపీ కథ చెప్పాడు. 2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపీలో, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఉబర్ వాళ్లు పరీక్షిస్తున్న కారు గుద్దింది. ఆమె చనిపోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలిందేంటంటే, గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను చూసింది. కానీ చూసినదేంటో తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి ఇంకేదో అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. అనుకున్నది మారిన ప్రతిసారీ, ఆ వస్తువు ఎటు కదులుతోందన్న పాత లెక్క చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. కారుకు తయారీదారు ఇచ్చిన ఆటోమేటిక్ బ్రేకును, తమ సాఫ్ట్‌వేర్ నడిపేటప్పుడు పనిచేయకుండా ఆపేసి ఉంచారు. స్టీరింగు ముందు జీతానికి కూర్చున్న ఉద్యోగి ఫోన్ చూస్తోంది.

చివరికి ఏమైంది? కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని ప్రాసిక్యూటర్ తేల్చేశారు. కేసు ఆ సీట్లో కూర్చున్న మనిషి మీద నడిచింది. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఫోన్ చూడటం తప్పే, ఆమెను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ 5.6 సెకన్ల తప్పులో ఎవరెవరి వాటా ఎంతో లెక్క వేసినవాళ్లు చాలామంది ఉన్నా, కోర్టు మెట్లెక్కింది ఒక్కరే.

ఇదే మన హైవే మీద జరిగితే? భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే అయిదేళ్ల దాకా, గుద్ది పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా. ఆ రెండో భాగం మీదే 2024 జనవరిలో లారీలు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు, ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం పార్సిల్ ఇచ్చొచ్చాడు. దేశమంతా ఆ గుర్రాన్ని చూసి నవ్వుకుంది. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు అన్న డ్రైవర్ల మాట ఆ నవ్వులో కలిసిపోయింది. మీ ప్రభుత్వం ఆ భాగాన్ని అమల్లోకి తేకుండా ఆపింది, మంచిదే. రేపు బండి తనే బ్రేకు వేసో, వేయకో మనిషి పోతే, ఆ సెక్షన్ ఎవరి పేరు అడుగుతుంది? మన చట్టంలో డ్రైవర్ అంటే మనిషే. సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీ ఎక్కడా కనపడదు.

బ్రిటన్‌లో 2024 మేలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వం పరీక్షించి ‘ఇది తనంతట తాను నడుస్తుంది’ అని ఒప్పుకున్న బండికి వెనక ఒక సంస్థ పేరు రాసి ఉండాలి. బండి తానే నడుపుతున్న సమయంలో నడక తీరులో జరిగే తప్పులకు సీట్లోని మనిషిని దోషిని చేయకూడదు. అంతేకాదు, అంత సత్తా లేని బండిని తనంతట తాను నడుస్తుందని ప్రచారం చేసి అమ్మడమే నేరం. మా ఊరి షోరూమ్ కుర్రాడికి ఈ ఒక్క వాక్యం వినిపించాలని ఉంది నాకు. అమెరికాలోనేమో 2021 నుంచి ఇలాంటి బండ్ల ప్రమాదాలను కంపెనీలు కేంద్ర సంస్థకు తప్పనిసరిగా నివేదించాలి. 2023 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రూజ్ కంపెనీ కారు, వేరే కారు గుద్దితే తన ముందు పడిన మహిళను దాదాపు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. ఆ నెలలోనే కాలిఫోర్నియా అధికారులు అనుమతి ఆపేశారు. గుద్దినందుకే కాదు, వీడియో మొత్తం తమకు చూపించలేదన్నది కూడా వాళ్ల అభియోగం. మరుసటి ఏడాది క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీ వ్యాపారానికే డబ్బు ఆపేసింది. అడిగే అధికారం ఉన్న చోటే ఇదంతా బయటికి వచ్చింది. మన దగ్గర అడాస్ ఆన్‌లో ఉండగా జరిగిన ప్రమాదం పోలీసు ఎఫ్ఐఆర్‌లో ఎలా ఎక్కుతుందో ఒక్కసారి తెప్పించి చూడండి. ‘డ్రైవర్ అతివేగం, అజాగ్రత్త’ అని అచ్చులో పోసినట్టు ఉంటుంది.

సరే, మీరు చేయగలిగింది ఏంటని అడగొచ్చు. ముందు యంత్రాన్ని సరైన బండిలోకి పంపండి. రోడ్ల మీద చనిపోయేవాళ్లలో దాదాపు సగం టూవీలర్ మీద వెళ్లేవాళ్లు, అయిదో వంతు నడిచి వెళ్లేవాళ్లు. వాళ్లెవరూ డ్రైవర్ లేని కారు కొనరు. వాళ్లకు ఈ సాంకేతికత వల్ల మేలు జరిగేది ఒక్కలాగే: తమ మీదికి వచ్చే లారీ, బస్సు, టిప్పర్ సమయానికి ఆగితే. పాతిక లక్షల కారులో ఉన్న ఆటోమేటిక్ బ్రేకు పాతిక టన్నుల లారీలో లేకపోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. యూరప్‌లో కొత్త పెద్ద లారీలన్నిటికీ 2015 నుంచే అది తప్పనిసరి. మన దగ్గర పెద్ద బస్సులకు, లారీలకు ఆ బ్రేకు, కునుకు పడితే హెచ్చరించే పరికరం, లేన్ దాటితే అరిచే పరికరం పెట్టాలని 2025 మార్చిలో మీ శాఖే ముసాయిదా ఇచ్చింది. దాన్ని ఏ తయారీదారుల సంఘం వచ్చి అడిగినా వెనక్కి జరపకండి. పాత బండ్లలో కనీసం కునుకు హెచ్చరికైనా పెట్టించుకునేలా ఓనర్లకు సబ్సిడీ ఇవ్వండి. మీరు 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నాన్న తోలేది పాత బండి, అందులో ఉన్నది చిన్న ఫ్యాను, దానికి రెక్క ఒకటి విరిగింది.

ఆ కునుకు పరికరం ఒకసారి నాన్నకు నా ఫోన్‌లో చూపించాను. కళ్లు మూతపడుతుంటే బీప్ కొడుతుందన్నాను. ‘‘కొడితే కొట్టింది. ఆపి పడుకోమని ఓనర్ చెప్పాలి కదా’’ అన్నాడు. విజయవాడ నుంచి విశాఖ రాత్రి లోడు, తెల్లారేసరికి అన్‌లోడింగు. లేటయితే కిరాయిలో కోత. క్లీనర్ని పెట్టుకునే రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు ఒంటి మనిషే. అన్నవరం దాటాక ఒక చోట బండి పక్కకు తీసి, సీసాలో నీళ్లు మొహాన కొట్టుకుని, అరచేత్తో మెడ వెనక గట్టిగా చరుచుకుంటాడు. నేను ఇంటర్ సెలవుల్లో ఒకసారి పక్కన కూర్చుని వెళ్లాను, ఆ రాత్రి అలా ఏడుసార్లు చరుచుకున్నాడు. రోజుకు ఎనిమిది గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. ఆ ఎనిమిది గంటల తర్వాత ఇగ్నిషన్‌కే అడ్డుపడే యంత్రాన్ని తెండి, నేను వచ్చి ఉచితంగా దానికి పెట్టెలు గీస్తాను.

రెండో మాట పరీక్షల గురించి. హైదరాబాద్ దగ్గర కంది ఐఐటీ ఆవరణలో తిహాన్ అనే కేంద్రం ఉంది. డ్రైవర్ లేని బండ్లను పరీక్షించే ట్రాక్‌ను 2022 జులైలో అక్కడ ప్రారంభించారు. కేంద్ర ప్రభుత్వ డబ్బుతోనే. క్యాంపస్ లోపల డ్రైవర్ లేని మినీబస్సు విద్యార్థులను ఎక్కించుకుని తిరుగుతోంది. ఒక మంత్రి ‘రానివ్వను’ అంటుంటే ఇంకో శాఖ డబ్బిచ్చి రప్పిస్తున్న వింత ఇది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 2బి సెక్షన్ కింద పరిశోధన కోసం కొన్ని వాహనాలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. దాన్ని రూల్స్ రాసి వాడండి: ఏ రోడ్డు మీద, ఏ వేళల్లో, ఎంత వేగంతో, ప్రమాదం జరిగితే రికార్డు ఎన్ని గంటల్లో అప్పగించాలి, పరిహారం ఎవరు చెల్లించాలి. దూరంగా కూర్చుని బండికి దారి చెప్పే మనుషులు ఎంతమంది, వాళ్ల పనిగంటలు ఎన్ని అన్నది కూడా రాయించండి. డ్రైవర్ లేడంటే మనుషులే లేరని కాదు, ఆఫీసులోకి మారారంతే.

ఉద్యోగాల సంగతి దాటవేస్తున్నానని అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత బస్సు పెట్టాక ఆటోలకు గిరాకీ పడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో ఒక్కో ఆటో డ్రైవర్‌కు 15,000 రూపాయలు వేసింది. చాలుతుందా లేదా అన్న గొడవ పక్కన పెడితే, ఒక నిర్ణయం వల్ల డ్రైవర్ ఆదాయం తగ్గితే ఆ లోటు లెక్కగట్టి కొంతైనా పూడ్చడం ప్రభుత్వానికి చేతనవుతుందని తేలింది. ఒక పోర్టులోనో గనిలోనో డ్రైవర్ లేని బండి దించే కంపెనీ, దిగే ప్రతి బండికీ ఆ సీటు పోగొట్టుకున్న మనిషి పేరు రాసి, ఆయనకు కొత్త పని నేర్పే ఖర్చు ముందే కట్టాలని ఒక్క రూల్ పెట్టండి చాలు.

మొన్న నాన్న ఇంటికి వచ్చినప్పుడు, ఆటోమేటిక్ బ్రేకు లారీలకు కూడా వస్తుందట అని చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ‘‘మంచిదే. కానీ లోడుతో ఎనభైలో పోతుంటే ముందు కుక్క అడ్డొచ్చి బండి తనే బ్రేకు వేసిందనుకో. వెనక బైకువాడు వచ్చి నా బంపర్ కింద దూరిపోయాడనుకో. స్టేషన్‌లో కూర్చోబెట్టేది ఎవర్ని?’’ అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ‘‘రోజంతా ఆ పెట్టెలు గీస్తావు, ఇది తెలీదా’’ అన్నాడు.

ఆయన మళ్లీ శుక్రవారం వస్తాడు. ఆయనకు ఏం చెప్పమంటారో మీ శాఖ నుంచి రాతపూర్వకంగా తెలియజేయగలరని మనవి.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ కొడుకు,
ఆటోనగర్, విజయవాడ.